పాత్రధారులు కావలెను

తెర లేచిన క్షణమున నాటకము ప్రారంభమగునని ప్రేక్షకుల నమ్మకము. సమాజమువారిని అడిగినచో తొలి రిహార్సలు నాడు ప్రారంభమైనదని చెప్పుదురు. నిజమునకు అంతకంటె ముందే, ఒక తెల్లకాగితముమీద నాలుగు పంక్తులు వ్రాసి గోడకు అంటించిన నాడే నాటకము ప్రారంభమైనది. 'పాత్రధారులు కావలెను' అను ఆ ప్రకటనయే నాటకసమాజము లోకమునకు చూపు మొదటి ముఖము. అయినను నాటకమునకు సంబంధించిన సకల కార్యములలోను ఇంత అశ్రద్ధగా జరుగు కార్యము మరియొకటి లేదు. ఏ నాటకము ఆడవలెనో నిర్ణయించుటకు పది సమావేశములు జరుగును. తెరలకు, దుస్తులకు, హార్మోనియమునకు అయ్యెడు వ్యయమును గూర్చి వాదోపవాదములు జరుగును. ప్రకటనను మాత్రము చివరి నిమిషమున ఎవరో ఒకరు వ్రాసి పడవేయుదురు. లేదా గత సంవత్సరపు ప్రకటనలో నాటకము పేరు మార్చి తిరిగి అంటింతురు. ఆ నాలుగు పంక్తులు ఎవరి మనస్సును ఎట్లు తాకునో ఆలోచించు తీరిక ఎవరికిని ఉండదు.

పాఠశాల వార్షికోత్సవమునకు గాని, ఊరి ఔత్సాహిక సమాజమునకు గాని, పరదేశములందలి తెలుగు సంఘముల ఉగాది వేడుకకు గాని పద్యనాటకమును తలపెట్టినపుడు వెలువడు ప్రకటనల తీరు చాలవరకు ఒక్కటియే. 'శ్రీకృష్ణ పాత్రకు స్ఫురద్రూపి కావలెను. ద్రౌపది పాత్రకు తెల్లని, సన్నని యువతి కావలెను. హాస్యపాత్రలకు పొట్టివారును, లావుపాటివారును రావచ్చును. గొంతు బాగులేనివారు శ్రమపడ నక్కరలేదు.' ఈ ధోరణిలో వ్రాసినవారికి ఎవరిమీదను ద్వేషము లేదు. తమకు కావలసినదానిని సూటిగా చెప్పితిమనియే వారి భావన. తప్పు వారి హృదయములో లేదు. వారి వాక్యములో ఉన్నది.

నోటీసు బోర్డు ముందు నిలిచిన పదునాలుగేండ్ల బాలిక ఆ వాక్యమును మరియొక విధముగా చదువుకొనును. ఆమెకు ద్రౌపది పద్యములు నాలుగైదు కంఠస్థములై ఉండవచ్చును. తాతగారి వద్దనో, తెలుగు మాస్టారి వద్దనో విని నేర్చుకొన్నవై ఉండవచ్చును. ఆమె తన చేతివంక ఒకసారి చూచుకొనును. పక్కనున్న స్నేహితురాండ్ర వంక ఒకసారి చూచును. మారుమాటాడక తరగతి గదికి వెళ్లిపోవును. ఎంపిక నాడు ఆమె రాదు. ఎందుకు రాలేదని ఎవరును అడుగరు, ఆమె రావలసి యున్నదని ఎవరికిని తెలియదు గనుక. ఎంపికకు వచ్చి నెగ్గనివారి పేర్లయినను సమాజమువారి పుస్తకములో ఉండును. ప్రకటన చదివి వెనుకకు తిరిగిపోయినవారి పేర్లు ఏ పుస్తకములోను ఉండవు. ఈ నష్టము కంటికి కనబడనిది కావుననే ఇన్నాళ్లుగా సాగుచున్నది.

ఆ ప్రకటన ఇతిహాసమునకు సైతము విరుద్ధమగుట గమనింపదగినది. ద్రౌపదికి కృష్ణ యనునది మరియొక నామము. ఆమె శరీరచ్ఛాయ నలుపగుటచేతనే ఆ పేరు కలిగినదని భారతము చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును. శ్రీకృష్ణుని పేరును నలుపును చెప్పునదియే. భారతకథలో మిక్కిలి సౌందర్యవంతులని పేరుగాంచిన ఇరువురును నల్లనివారై యుండగా, ఆ భారతకథనే ప్రదర్శింపబూనిన సమాజము తెల్లని యువతి కావలెనని గోడకు అంటించుట వింతలలో వింత. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ఆడబూనినవారు ఆ కవులు చెప్పిన ద్రౌపదిని వెదకుచున్నారా, లేక క్యాలెండరు బొమ్మను వెదకుచున్నారా అని తమను తాము ప్రశ్నించుకొనవలసి యున్నది.

ఇచట కొందరు భరతముని పేరు చెప్పి వాదింపవచ్చును. నాట్యశాస్త్రము దేవతల పాత్రలకు, రాజుల పాత్రలకు, రాక్షసుల పాత్రలకు తగిన దేహలక్షణములను, కంఠధ్వనులను చెప్పినమాట వాస్తవమే. కాని ఆ గ్రంథమే పాత్రధారణమును అనురూపము, విరూపము, రూపానుసారిణి అని మూడు విధములుగా విభజించినది. స్త్రీ స్త్రీపాత్రను, పురుషుడు పురుషపాత్రను తమ వయస్సునకు తగినట్లు ధరించుట అనురూపము. బాలుడు వృద్ధుడుగాను, వృద్ధుడు బాలుడుగాను నటించుట విరూపము. పురుషుడు స్త్రీపాత్రను ధరించుట రూపానుసారిణి. విరూపమను మాటకు లోకవ్యవహారమున కురూపమని అర్థము వచ్చుచుండగా, నాట్యశాస్త్రమున అది ఒక గౌరవనీయమైన అభినయ విధానము పేరు. నటునికిని పాత్రకును రూపసామ్యము లేకపోవుట రంగమునకు లోపమని ఆ శాస్త్రకారుడు తలపలేదు. దానికి పేరుపెట్టి శాస్త్రములో చోటిచ్చినాడు.

తెలుగు రంగస్థల చరిత్ర అంతయు ఇందుకు సాక్ష్యము పలుకుచున్నది. స్థానం నరసింహారావు (1902-1971) పురుషుడై యుండియు సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, మధురవాణిగా దశాబ్దములపాటు ప్రేక్షకులను మెప్పించెను. 1956లో పద్మశ్రీ పురస్కారమునందెను. ఈలపాట రఘురామయ్యగా పేరొందిన కళ్యాణం రఘురామయ్య (1901-1975) స్త్రీపాత్రలతో ప్రఖ్యాతి గడించి, తరువాత శ్రీకృష్ణ పాత్రకు మారుపేరైనాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి నాటకసమాజములో కుటుంబములే నటబృందములు. పసివారు మొదలు పండుముదుసళ్ల వరకు, స్త్రీలును పురుషులును, అందరును రంగమెక్కినవారే. బళ్లారి రాఘవ (1880-1946) విద్యావతులైన స్త్రీలు రంగస్థలమునకు రావలెనని కోరి వారిని ప్రోత్సహించెను. నేటి ప్రకటనలలోని షరతులను తు.చ. తప్పక పాటించినచో ఈ చరిత్రలో సగము జరిగియుండెడిది కాదు.

'రంగస్థలము కంటికి సంబంధించినది. పాత్రకు తగిన ఆకారము ఉండవలెనని చెప్పుటలో తప్పేమి? మర్యాదకొరకు సత్యమును దాచవలెనా?' అని అడుగువారు కలరు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. మర్యాద యనగా సత్యమును దాచుట కాదు. స్పష్టత లేని ప్రకటన మరింత బాధాకరమైనది. 'ఆసక్తి గలవారందరును రావచ్చును, ఎట్టి నియమములును లేవు' అని వ్రాసి, వచ్చినవారిని మనస్సులోని నియమములతో కొలిచి పంపివేయుట కంటె ముందుగా చెప్పుటయే మేలు. అయితే చెప్పవలసినది దేనిని? వచ్చువారి దేహమును గూర్చి కాదు, పాత్ర చేయవలసిన పనిని గూర్చి. ఈ ఒక్క సూత్రమును పట్టుకొన్నచో ప్రకటనలోని కాఠిన్యము తొంబదిపాళ్లు తొలగిపోవును. సత్యమునకు లోపమును రాదు.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్య హరిశ్చంద్రీయమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. పాము కాటునకు మరణించిన లోహితాస్యుని చంద్రమతి శ్మశానమునకు మోసికొని రావలెను. ఇచట ఆకారమునకు నిజముగా సంబంధము కలదు. దీనిని 'లావుగా ఉన్న బాలురు లోహితాస్య పాత్రకు పనికిరారు' అని వ్రాయవచ్చును. 'ఈ పాత్రధారిని చంద్రమతి పాత్రధారిణి ఎత్తుకొని రంగమున కొంతదూరము నడువవలసి యుండును' అనియు వ్రాయవచ్చును. రెండు వాక్యములును చెప్పినది ఒకే సత్యము. మొదటిది బాలుని తూచినది; రెండవది పనిని చెప్పినది. రెండవ వాక్యమును చదివిన బాలుడు తనకు తానే ఆలోచించుకొని నక్షత్రక పాత్రకు పేరిచ్చును. అతనికి ఎవరును ఏమియు అనలేదు. భీముని పాత్రకు 'బండవాడు కావలెను' అనుటకు బదులు 'గద పట్టి, పెద్ద గొంతుతో రౌద్రరసమున పద్యములు చదువవలెను' అనిన చాలును. సన్నని బాలుడొకడు వచ్చి ఆ పద్యములతో సభను దద్దరిల్లజేసినచో, మిగిలినది అలంకరణము చేయువారి పని.

పద్యనాటకము విషయమున ఆకారముకంటె కంఠమునకే ప్రాధాన్యము. ధర్మవరము కృష్ణమాచార్యులు (1853-1912) కాలమునుండియు పాటలును పద్యములును తెలుగు నాటకమునకు ప్రాణములైనవి. ఆశ్చర్యమేమనగా, మేనిఛాయను గూర్చి అంత వివరముగా వ్రాయు ప్రకటనలు కంఠమును గూర్చి 'చక్కని గాత్రము' అను రెండు మాటలతో సరిపెట్టును. చక్కని గాత్రమనగా ఏమో ఎవరికిని తెలియదు. సంగీతము నేర్వని పిల్లలకు ఆ మాట ఒక గోడవలె అడ్డు నిలుచును. చెప్పవలసిన సంగతులు వేరు. హార్మోనియము ఏ శ్రుతిలో ఉండును? పాత్రకు ఎన్ని పద్యములు కలవు? వానిలో ఉత్పలమాల, చంపకమాల, శార్దూల, మత్తేభముల వంటి దీర్ఘపాదముల వృత్తములెన్ని, సీసములెన్ని, తేటగీతులెన్ని? ఆలాపన తప్పనిసరియా, లేక భావము చెడకుండ పద్యమును శ్రుతిలో చదివిన చాలునా? వచన సంభాషణము మాత్రమే గల పాత్రలేవి?

మైకులు లేని దినములలో చివరి వరుసకు వినబడవలెనని పురుషనటులు హెచ్చు శ్రుతిలో పాడుట అలవరచుకొనిరి. ఆ సంప్రదాయమునే ఆదర్శముగా భావించి నేటికిని పాఠశాల బాలుని అదే శ్రుతిలో పాడుమనుట క్రౌర్యము. పదుమూడు మొదలు పదునారేండ్ల లోపు బాలురకు కంఠము మారుచుండును. నిన్నటి వరకు తేనెలొలికిన గొంతు నేడు జీరపోవును. ఒక పాదము పలికి రెండవ పాదమున విరిగిపోవును. అది వారి దోషము కాదు, వయోధర్మము. 'గొంతు బాగులేనివారు రానక్కరలేదు' అను వాక్యమును చదివిన అట్టి బాలుడు తన కంఠము శాశ్వతముగా చెడిపోయినదని తలచి పద్యమునే విడిచిపెట్టవచ్చును. 'గొంతు మారుచున్న బాలురకు శ్రుతి తగ్గించబడును; వారు వచన పాత్రలకును పేరు ఈయవచ్చును' అని ఒక్క వాక్యము చేర్చినచో అతడు నిలుచును. రెండేండ్ల తరువాత సమాజమునకు ఒక మంచి విశ్వామిత్రుడు దొరకును. బాలికల విషయమున కూడ, పురుషులకు పెట్టిన శ్రుతిలోనే వారిని పరీక్షించక, వారి శ్రుతిని వారినే చెప్పుకొననిచ్చెదమని తెలుపుట న్యాయము.

ఆకారముకంటెను, గాత్రముకంటెను జాగరూకత కావలసిన విషయము మరియొకటి కలదు. అది కులము. హరిశ్చంద్ర నాటకములో వీరబాహు పాత్రకు నల్లని, మొరటైన మనిషి కావలెనని వ్రాయుటలో ఎంత విషము దాగియున్నదో వ్రాసినవారు గ్రహింపరు. కాటి పనిచేయువాడు ఇట్లుండునని ముందుగా నిశ్చయించుకొని, అట్టి రూపము గలవారిని పేరులేకుండ పిలుచుటయే అది. ఆ నాటకమునకు సారమేమో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. చక్రవర్తియైన హరిశ్చంద్రుడు ఆ వీరబాహునకు సేవకుడై కాటిని కాచెను. పనివలన మనుష్యుని విలువ తగ్గదనుటకు అంతకంటె గొప్ప నిదర్శనమేది? ఆ కాటి సీనులో నటులు గుర్రం జాషువ (1895-1971) పద్యములను చేర్చి పాడుట తెలుగునాట వాడుకయైనది. అంటరానితనపు అవమానములను స్వయముగా అనుభవించిన మహాకవి పద్యములతో ప్రేక్షకుల కన్నీరు తెప్పించు నాటకమునకు, అదే అవమానమును గోడమీద వ్రాసి పాత్రధారులను పిలుచుట ఎంత తగనిపని!

కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకము విషయమున జరిగినది అందరికిని తెలిసినదే. వేశ్యావ్యసనమును ఖండించుటకు వ్రాయబడిన ఆ నాటకమున సుబ్బిశెట్టి పాత్రను ప్రదర్శకులు కాలక్రమమున తమ సొంత హాస్యముతో నింపిరని, అది తమ సామాజిక వర్గమును కించపరచుచున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరము తెలిపిరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించెను. నిషేధము మంచిదా, కాదా యనునది వేరు చర్చ. ప్రకటన వ్రాయువారు దానినుండి నేర్వవలసినది ఒకటి కలదు. ఒక పాత్రను కులము పేరుతోను, దేహపు వంకరతోను పరిచయము చేసిన క్షణముననే హాస్యము ఏ దారిని పోవలెనో నిర్ణయమైపోవును. దానినే 'వ్యామోహమున పడి సంపదనంతయు పోగొట్టుకొను వర్తకుడు. నవ్వించుచునే జాలి గొలుపవలసిన పాత్ర' అని పరిచయము చేసినచో, వచ్చు నటుడు ఆ వ్యామోహమును అభ్యసించి వచ్చును, ఎగతాళిని కాదు.

హాస్యపాత్రలను, దుష్టపాత్రలను గూర్చి వ్రాయునపుడు ఇదే మెలకువ అవసరము. కలహకంఠి పాత్రకు 'నోటి దురుసు గల అమ్మాయి కావలెను' అని వ్రాసినచో, ఆ పాత్రకు పేరిచ్చిన బాలికకు సంవత్సరమంతయు పాఠశాలలో అదే బిరుదు నిలిచిపోవును. 'వడివడిగా, స్పష్టముగా మాటాడగలుగుట ఈ పాత్రకు ముఖ్యము' అనిన చాలును. మంథర పాత్ర గూనిది. ఆ గూని అభినయమునకు సంబంధించినది. దేహవైకల్యము గలవారిని ఆ పాత్రకే పిలుచుటయు, ఆ పాత్రకు తప్ప మరిదేనికిని పిలువకుండుటయు రెండును తగవు. కాలు కుంటు గల బాలుడు సింహాసనముమీద కూర్చుండి ధృతరాష్ట్రుడుగా సభను శాసింపవచ్చును. అట్లని అతడు అర్జునుడు కారాదనియు లేదు. 'రంగముపై ఎక్కుట దిగుటలలో సహాయము కావలసినవారు ముందుగా తెలిపినచో ఏర్పాటు చేయబడును' అను ఒక వాక్యము ఆ బాలునకు వేయి ఆహ్వానముల పెట్టు.

మర్యాదలో నిజాయితీ ఒక భాగము. అనేక సమాజములలో ప్రధాన పాత్రలు ప్రకటనకు ముందే పంచబడి యుండును. కార్యదర్శిగారి తమ్ముడు శ్రీకృష్ణుడని అందరికిని తెలియును, వచ్చువారికి తప్ప. పదిమంది యువకులు నెల రోజులు రాయబార పద్యములు సాధన చేసి వచ్చి, గంటల తరబడి వేచియుండి, ఒక్కొక్క పద్యము పాడి పోవుదురు. మంచి మాటలతో వ్రాసినంత మాత్రమున ఆ ప్రకటన మర్యాదగల ప్రకటన కానేరదు. 'శ్రీకృష్ణ, అర్జున పాత్రలకు నటులు నిర్ణయింపబడిరి. తక్కిన పాత్రలకు ఎంపిక జరుగును' అని తెలిపినచో ఎవరికిని కోపము రాదు. దాచి పిలిచినచో వచ్చు కోపము తరతరములకు పోదు.

డబ్బు సంగతియు ఇట్టిదే. దుస్తులు, కిరీటములు అద్దెకు తెచ్చుటకు, అలంకరణమునకు, రాకపోకలకు వ్యయమగును. దానిని ఎవరు భరింతురో ప్రకటనలో లేనిచో, పేద విద్యార్థి అడుగుటకు సిగ్గుపడి ఊరకుండును. 'దుస్తుల వ్యయము పాఠశాలదే' అను మూడు మాటలు ఎన్నో తలుపులు తెరచును. రిహార్సలు ఏ వేళకు ముగియునో, బాలికలను ఇంటికి చేర్చు ఏర్పాటు ఏమో ముందుగా తెలుపుట తల్లిదండ్రుల భయమును తొలగించును. సన్నివేశమున పరస్పర స్పర్శ, మద్యపానాభినయము వంటివి ఉన్నచో వానిని కూడ దాపరికము లేకుండ చెప్పవలెను. పాత్ర ఇచ్చిన తరువాత, పదవ రిహార్సలు నాడు ఆ సంగతి బయటపెట్టి, కాదన్న అమ్మాయిని నాటకమును చెడగొట్టినదని నిందించుట అన్యాయము.

ఇన్ని సంగతులను చేర్చినచో ప్రకటన పెద్దదగునని భయపడ నక్కరలేదు. అట్టి ప్రకటన ఒకటి ఈ విధముగా ఉండవచ్చును:

'పాఠశాల వార్షికోత్సవమున సత్య హరిశ్చంద్రీయమునుండి కొన్ని రంగములు ప్రదర్శింపబడును. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతి వరకు గల బాలబాలికలు ఎవరైనను, ఏ పాత్రకైనను పేరు ఈయవచ్చును. హరిశ్చంద్రుడు: పద్యములు 8, దీర్ఘ సంభాషణములు. చంద్రమతి: పద్యములు 6, లోహితాస్య పాత్రధారిని ఎత్తుకొని నడువవలెను. విశ్వామిత్రుడు: పద్యములు 4, రౌద్రము ప్రధానము. నక్షత్రకుడు: పద్యములు 3, వేగముగా మాటాడవలెను, నవ్వింపవలెను. వీరబాహువు: వచనము మాత్రమే, గంభీరమైన పాత్ర. లోహితాస్యుడు: కొద్ది సంభాషణములు, ఈ పాత్రకు చిన్న తరగతులవారును రావచ్చును. ఎంపికకు మీకు వచ్చిన ఏ పద్యమునైనను మీకు అనువైన శ్రుతిలో చదువవచ్చును. పద్యము రానివారు వాచకమునుండి ఒక పేరా చదివిన చాలును. రిహార్సలు మూడు వారములపాటు, సాయంకాలము 4 గంటలు మొదలు 5:30 వరకు. దుస్తుల వ్యయము పాఠశాలదే. నటింపగోరనివారికి తెర, అలంకరణము, ప్రాంప్టింగు పనులలో చోటు కలదు. సందేహములున్నవారు తెలుగు ఉపాధ్యాయుని అడుగవచ్చును.'

ఇందులో పొగడ్త లేదు, కాఠిన్యమును లేదు. ఏ ఒక్కరి రంగును, ఎత్తును, బరువును, కులమును గూర్చిన ప్రసక్తి లేదు. అయినను ఏ పాత్రకు ఏమి కావలెనో చదివిన ప్రతివారికిని తెలియును. హరిశ్చంద్రునకు జ్ఞాపకశక్తియు ఓపికయు కావలెనని, చంద్రమతికి బలము కావలెనని, నక్షత్రకునకు చురుకైన నాలుక కావలెనని విద్యార్థి తానే గ్రహించును. తన శక్తిని తాను అంచనా వేసికొను అవకాశమును ఆ ప్రకటన అతనికే విడిచినది. గౌరవమనగా అదియే.

తెలుగుభాష ఈ పనికి చక్కగా తోడ్పడును. 'అతడు', 'ఆమె' అనక 'వారు' అన్నచో గౌరవమును వచ్చును. ఆడ, మగ భేదమును పోవును. 'మాత్రమే', 'తప్ప', 'పనికిరారు', 'అనర్హులు' అను మాటలు తలుపు మూయునవి. 'రావచ్చును', 'ఈయవచ్చును', 'చాలును' అనునవి తలుపు తెరచునవి. వ్రాసిన ప్రకటనను తిరిగి చదివి, మూయు మాటలెన్నో, తెరచు మాటలెన్నో లెక్కించినచో దాని స్వభావము బోధపడును. అయితే మెత్తని మాటల మోసమునకును లోనుకారాదు. 'లావుపాటివారు' అనుటకు బదులు 'నిండైన విగ్రహము గలవారు' అనియు, 'తెల్లనివారు' అనుటకు బదులు 'మంచి వర్చస్సు గలవారు' అనియు సంస్కృతపు ముసుగు వేసినంత మాత్రమున మాటలోని ముల్లు విరుగదు. పదమును మార్చుట కాదు, దృష్టిని మార్చుట కావలెను.

ప్రకటనలోని మర్యాద ఫలితములు తెలుపునపుడును నిలువవలెను. ఎంపికైనవారి పేర్లు బోర్డుమీద వ్రాయుట సముచితము. ఎంపిక కానివారి పేర్లెదుట 'శ్రుతి లేదు', 'ఉచ్చారణ దోషము' అని వ్రాయుట సముచితము కాదు. అట్టి మాటలు చెప్పవలసినవే, కాని ఏకాంతమున, దిద్దుకొను మార్గముతో కూడ చెప్పవలెను. 'శకటరేఫమును రేఫమును కలిపి పలుకుచున్నావు నాయనా, ఈ రెండు పద్యములు నెల రోజులు చదివి రమ్ము' అని ఉపాధ్యాయుడు పిలిచి చెప్పినచో ఆ బాలునకు అపజయమే పాఠమగును. ఈనాడు ఫలితములు ఫోను సందేశములుగా నూర్గురికి ఒక్కసారి చేరుచున్నవి. గోడమీది కాగితమునైనను వాన తడిపి రాల్చును. ఫోనులోని మాట రాలదు. కనుక మునుపటికంటె నేడు జాగరూకత రెట్టింపు కావలెను.

పాఠశాలల తెలుగు వాచకములలో లేఖ, కరపత్రము మున్నగునవి వ్రాయు అభ్యాసములు కలవు. విద్యార్థులు వానిని పరీక్షలో మార్కులకొరకు వ్రాయుదురు. ఉపాధ్యాయులు ఒక గంట కేటాయించి, పాఠశాల నాటకమునకు పాత్రధారులను పిలుచు ప్రకటనను విద్యార్థులచేతనే వ్రాయించినచో మేలు కలుగును. ఒకరు వ్రాసినదానిని మరియొకరు చదివి, 'ఇందులో ఏ మాట నన్ను రావద్దన్నది?' అని గుర్తుపెట్టవలెను. ఆ గుర్తులు చూచిన వ్రాతకాడు ఒక వాక్యమునకు రెండు ముఖములుండునని, వ్రాసినవానికి కనబడునది ఒకటి, చదివినవానికి కనబడునది మరియొకటి యని గ్రహించును. వ్యాకరణ గ్రంథములు నేర్పలేని విద్య అది. రేపు అతడు కార్యాలయమున నియామక ప్రకటన వ్రాయవలసి వచ్చినను, గ్రామసభకు నోటీసు వ్రాయవలసి వచ్చినను, ఆ విద్య వెంట నుండును.

పద్యనాటకమునకు ప్రేక్షకులు తగ్గుచున్నారని, పద్యము చదువు పిల్లలు కరవైనారని సభలలో విచారము వినబడుచుండును. ఆ విచారములో సత్యము లేకపోలేదు. సినిమా కారణమనియు, ఆంగ్ల విద్య కారణమనియు, తీరిక లేని జీవితము కారణమనియు పెద్దలు చెప్పుచుందురు. వానిలో దేనిని మాన్పుటయు నాటకసమాజముల చేతిలో లేదు. వారి చేతిలో ఉన్నది ఒక తెల్లకాగితము. దానిమీద వ్రాయు నాలుగు పంక్తులు పద్యము నోటికి వచ్చిన ఒక్క పిల్లనైనను వెనుకకు పంపకుండునట్లు వ్రాయుట ఏ కాలమునందైనను, ఎంత పేద సమాజమునకైనను సాధ్యమైన పని.